మనోడే లాయరు

చింతామణిలో నాది డ్రిప్ పైపుల అంగడి. పైపులు పంపిన కంపెనీ నా దగ్గర పన్ను వసూలు చేసుకుని సర్కారుకు కట్టలేదు. ఆ పన్ను మళ్ళీ నువ్వే కట్టమని, పైన వడ్డీ కలిపి, నాకు ఆర్డరు వచ్చింది. అప్పీలు గడువు దాటితే బ్యాంకు ఖాతా స్తంభింపజేస్తారు. ఖాతా లేకపోతే అంగడి లేదు, పిల్లల కాలేజీ లేదు. ఆ కాగితం చదివిన రోజు నాకు అన్నం దిగలేదు.

అమ్మ మాత్రం తాపీగా ఉంది. "మనోడు ఉండగా వేరే లాయర్ ఎందుకు? నీ చెల్లెలు ఏమనుకుంటాది?" అంది. మనోడంటే మా చెల్లెలి మామగారు. బాగేపల్లిలో చాన్నాళ్ళుగా పొలం గట్ల తగాదాల కేసులు నడుపుతున్నారు. పన్నుల సంగతి ఆయనకు ఎంత తెలుసో నాకు అనుమానమే. కానీ అడిగే నోరు ఎవరికుంది? వెళ్ళిన మొదటి రోజే వకాలత్తు మీద నా సంతకం తీసుకున్నారు. ఫీజు మాట ఎత్తితే చెవులు మూసుకున్నారు.

"నీ దగ్గర దుడ్డు తీసుకుంటే నా ఇంటి కోడలి ముఖం ఎట్ల చూసేదమ్మా?"

అక్కడే ఇరుక్కుపోయాను. దుడ్డిచ్చినవాళ్ళు గట్టిగా అడుగుతారు. నేను పళ్ళు పట్టుకుని వెళ్ళి, చెల్లెలు పెట్టిన రాగిముద్ద తిని, "మామా, ఆ అప్పీలు..." అని నసిగి వచ్చేదాన్ని. "చేస్తాండానమ్మా. నువ్వు నిమ్మళంగా ఉండు" అనేవారు. నా కళ్ళముందే ఫీజిచ్చినవాళ్ళ ఫైళ్ళు విప్పేవారు. నా ఫైలు బీరువా మీదనుంచి దిగేది కాదు. గట్టిగా అడిగితే ఆ కోపం వెళ్ళి వంటింట్లో చెల్లెలి మీద పడుతుంది. అడగకపోతే నా అంగడి పోతుంది. తిరుగు బస్సులో ఆయన్ని మనసులోనే కసితీరా తిట్టుకునేదాన్ని. మరుసటి వారం మళ్ళీ పళ్ళు కొనేదాన్ని.

గడువు దగ్గరపడ్డాక ఎవరికీ చెప్పకుండా చిక్కబళ్ళాపురం వెళ్ళాను. అక్కడ పన్నుల కేసులే చూసే ఒక లాయరమ్మ, నా ఊరూ పేరూ అడగకముందే తన ఫీజెంతో చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కాగితాలు తిరగేసి, అప్పీలుకు దారుందని కూడా అంది. అంతా విన్నాక అసలు మాట బయటపెట్టింది.

"ముందున్న లాయర్ ఒప్పిగె రాసియ్యాలమ్మా. ఆయన సహి లేకుండా నేను ఫైల్ ముట్టేదిలేదు."

ఎవరికి తెలియకూడదని అంత దూరం వెళ్ళానో, ఆయన సమ్మతీ సంతకమే తెమ్మంటోంది. ఆవిడ ముందే నాకు ఏడుపొచ్చింది.

మరుసటి పొద్దున, లాయరమ్మకని తీసిన డబ్బు సంచిలోనే పెట్టుకుని బాగేపల్లి వెళ్ళాను. చెల్లెలు కూడా గదిలోకి వచ్చి గోడకానుకుని నిలబడింది. లాయరమ్మ టైపు చేసిచ్చిన ఒప్పిగె కాగితం మామగారు చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"నాతో కాదనుకుంటే ముందే చెప్పింటే అయ్యేది కదమ్మా" అన్నారు.

చెప్పలేకనే కదా ఇన్నాళ్ళు చచ్చాను అని నోటిదాకా వచ్చింది. "తప్పుగా అనుకోవద్దు మామా" అన్నాను. ఆయన సహి చేశారు. నా ఫైలు దించి బల్లమీద పెట్టి, "ఇంక మన లెక్క కూడా తెగిపోవాల" అని తన ఫీజు చెప్పారు. చిక్కబళ్ళాపురం ఫీజుకంటే ఎక్కువే. సంచిలో డబ్బుకు పర్సులోది కూడా కలిపి ఇచ్చేశాను.

చెల్లెలు బస్టాండు దాకా నాతో నడిచింది. నాకైతే సంతోషం ఆగడంలేదు. లాయరమ్మ డబ్బు ఎట్లాగో సర్దుకోవచ్చు, అప్పీలు వేయవచ్చు, అంగడి నిలబడుతుంది. సిగ్గులేకుండా దాని ముందే నవ్వాను కూడా. బస్సు ఎక్కబోతుంటే అది నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు బయటపడినావు లే అక్కా" అంది. "నేను ఇప్పుడు ఆ ఇంటికే కదా పోవాల."