ఆకలేసిన కాకి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆత్మ ప్రస్తావన లేకుండా పొద్దు గడిచేది కాదు. మా తాతయ్య అనకాపల్లి పక్కన చెరకు రైతు. పగలంతా పొలంలో ఉండేవాడు, సాయంత్రం రామకోవెల అరుగెక్కేవాడు. జీవుడంటే ఎవరు, కోరికలు వాణ్ణి ఎలా కట్టేస్తాయి, ఆ కట్లు తెగితే మిగిలేదేమిటి అని ఊరివాళ్ళకు విడమరిచి చెప్పేవాడు. గొంతు కూడా దానికి తగ్గట్టే ఉండేది. మా నాన్న ఆయన మాటకు ఎదురు చెప్పి ఎరుగడు. నేనైతే ఆయన ఒళ్ళో కూర్చుని, అర్థమైనా కాకపోయినా తలూపుతూ వినేదాన్ని. ఆయన చెప్పిందల్లా నాకు వేదమే.

తమ్ముణ్ణి కని, ఆ పురిటి మంచం మీదే మా అమ్మ పోయింది. మాడుగులలో ఉండే మా మేనత్తకు పిల్లల్లేరు. కబురందగానే వచ్చి పసివాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. ఇక దించలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు మా అమ్మను కడుపుతో ఉన్నప్పుడే ఆటపట్టించేవారు, ఈసారి పుట్టేవాణ్ణి నీ ఆడపడుచుకు ఇచ్చెయ్యమని. అందరూ నవ్వేవారు గాని అమ్మ నవ్వేది కాదు. తన పిల్లలిద్దరూ ఒక్క కంచంలో తినాలి అనేది. ఆ మాట అన్నప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. అందుకని మా అత్త వాణ్ణి హత్తుకుని కూర్చుంటే నేను వాడి కాలు పట్టుకుని పక్కనే కూర్చునేదాన్ని.

పదో రోజున శారద ఏటి ఒడ్డున పిండం పెట్టారు. పోయిన మనిషికి ఏదైనా కోరిక మిగిలిపోతే కాకి ఆ పిండం ముట్టదంటారు. అప్పుడు బతికున్నవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి, తీరుస్తామని పైకి మాటివ్వాలి. ఆ రోజు అవతల తాటిచెట్టు మీద కాకులు బారులు తీరి కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. మా నాన్న నెలనెలా మాసికాలు తప్పకుండా పెడతానన్నాడు. మా మామ్మ, కోడలి ముక్కుపుడక మనవరాలికే పెడతానంది. ఊహూఁ. ఎండ నెత్తికెక్కుతోంది. పంతులుగారు ఆకాశం వైపు చూస్తున్నారు. మా అత్త మాత్రం పసివాడి మీద కొంగు కప్పుకుని తల వంచుకుని కూర్చుంది.

చివరికి తాతయ్య లేచి వెళ్ళాడు. పిండం ముందు చేతులు జోడించి, ఆ కంచుగొంతుతో అన్నాడు: "అమ్మా, నీ బెంగేటో నాకు తెల్సు. నీ పిల్లలిద్దర్నీ ఒక్క గూట్లోనే పెంచుతాం. ఎవులికీ ఇయ్యం. నా మాట నమ్మి ఎల్లు తల్లీ."

ఆ మాట పూర్తయిందో లేదో, ఒక కాకి వచ్చి వాలింది. "ఓలమ్మా, ఇనేసింది!" అని ఎవరో బావురుమన్నారు. నేను ఏడవలేదు. నా గుండెల మీంచి బరువేదో దిగిపోయింది. అమ్మ విన్నది, తాతయ్య మాటిచ్చాడు, ఇంక తమ్ముడెక్కడికీ వెళ్ళడు అనుకున్నాను. ఆ రాత్రి అమ్మ పోయాక మొదటిసారి నిద్రపట్టింది.

కర్మలయ్యాక మా అత్త ఒక్కతే మాడుగుల వెళ్ళిపోయింది. చెరకు గానుగలు ఆడే కాలం వచ్చింది. ఒకనాడు పొద్దున్నే మా అత్త, మావయ్య బస్సు దిగారు. పసివాడి బట్టలు మూటగట్టడం చూసి, వాణ్ణి పెంచుకోవడానికి తీసుకుపోతున్నారని నాకు అర్థమైంది. వాళ్ళు ఒక షరతు కూడా పెట్టారు. వాడికి అసలు అమ్మానాన్నలు వేరని ఎప్పటికీ ఎవరూ చెప్పకూడదు. మా నాన్న దూలం వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను తమ్ముణ్ణి చంకనేసుకుని పెరటిదారిన పరుగెత్తి, బెల్లం వండే పాకలో పిప్పి కుప్ప వెనకాల దాక్కున్నాను. వాడు నా జుట్టు పట్టుకుని లాగుతూ కేరింతలు కొడుతుంటే, వాడి నోరు మూయలేక చచ్చాను.

నన్ను వెతికి పట్టుకున్నది తాతయ్యే. కేకలెయ్యలేదు. నా ఎదురుగా చతికిలపడి, చెంబు నిండా నీళ్ళు తెప్పించి, అందులో బెల్లం దిమ్మ నుంచి ఒక ముక్క విరిచి వేసి, కరిగేదాకా తిప్పాడు.

"దిమ్మేదే గుంటా? నేదు కదా. తీపి పోయిందా? పోనేదు. మీ అమ్మా అంతే. ఆత్మకి కూతురూ నేదు, కొడుకూ నేదు. ఈ సుట్టరికాలన్నీ ఒంటికే. ఆడు మీ అత్త ఒళ్ళో ఉంటే ఏటి, నీ ఒళ్ళో ఉంటే ఏటి?"

"మరి ఆవేళ అమ్మ నీ మాట ఇనే కదా కాకిని పంపింది?" అన్నాను.

తాతయ్య చెంబులో నీళ్ళు ఇంకోసారి తిప్పాడు. "అది ఆకలేసిన కాకే గుంటా," అన్నాడు.

నేను తమ్ముణ్ణి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అది చూసి, "తాగు, తియ్యగుంటాది" అని చెంబు అందించాడు. అది పెద్ద చెంబు, నావి చిన్న చేతులు. రెండు చేతులా పట్టుకుంటే గాని లేవదు. నేను తమ్ముణ్ణి పక్కన దించి పట్టుకున్నాను. ఆయన పసివాణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయాడు. చెంబు విసిరేసి వీధిలోకి పరుగెత్తేసరికి మాడుగుల బస్సు దుమ్ము రేపుకుంటూ పోతోంది.

వేదాంతం తప్పని నేననను. అంత చదువు నాకు లేదు. కానీ మా తాతయ్య బెల్లం సంతలో ఏనాడూ అన్ని దిమ్మలూ ఒకటే అనలేదు. విరిచి రంగు చూపించి, తన దిమ్మకూ పక్కవాడి దిమ్మకూ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉందని పోట్లాడేవాడు. ఏటి ఒడ్డున అవసరమైనప్పుడు మా అమ్మ ఆత్మకు కోరిక ఉంది. పాకలో అవసరం తీరాక అదే ఆత్మకు కోరికా లేదు, బిడ్డలూ లేరు. ఒక్క నోట ఆ రెండు మాటలూ ఎంత నున్నగా వచ్చాయని! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

తమ్ముడు ఏటా వేసవికి మా అత్తతో వచ్చేవాడు. మేనత్త కొడుకు కాబట్టి నన్ను వదినా అని పిలవమని నేర్పారు. సొంత తమ్ముడు "వదినా, మావిడిపండు కోసియ్యవా" అని కొంగు పట్టుకు తిరుగుతుంటే, నేను కోసి పెట్టి పెరట్లోకి పోయి కళ్ళు తుడుచుకునేదాన్ని. ఒక్క కంచంలో తినడం మాట దేవుడెరుగు, వాడు చుట్టం కనుక వాడికి ముందు పంక్తిలో వడ్డించేవారు.

తాతయ్య పోయిన పదో రోజున కూడా కాకులు రాలేదు. అప్పటికి నాకు పెళ్ళయింది. ఆ ముసలాయన చివరి రోజుల్లో నన్నూ తమ్ముణ్ణీ మంచం పక్కన నిలబెట్టుకుని, ఏదో చెప్పబోయి చెప్పలేకపోయేవాడు. మా మామ్మకు అది తెలుసు. "ఓలే, నువ్వొక్క మాట అను. నీ మీదే ఉంటాది ఆయన మనసు," అని బతిమాలింది. నేను నిలబడ్డచోటు నుంచి కదల్లేదు. "ఆకలేస్తే అదే వత్తాది మామ్మా," అన్నాను. చివరికి ఆ పిండం ఏట్లో కలిపేశారు. నేను అన్నదానికి నాకు ఈనాటికీ విచారం లేదు.

మా అత్త పోయాక ఎవరో తమ్ముడికి అసలు సంగతి చెప్పేశారు. అప్పటికే వాడి తల నెరిసింది. హల్వా పొట్లం పట్టుకుని మా ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, పెదాలు కదిపాడు. చివరికి కుర్చీలో కూలబడి, "దారంతా ఆ పిలుపే అనుకుంటూ వచ్చేను. నోరు తిరగట్లేదు వదినా," అని ఏడ్చాడు. నేను వాడి తల నిమిరాను. ఇంకేం చెయ్యను? ఇప్పటికీ రెండు రోజులకోసారి ఫోన్ చేసి, "తిన్నావా వదినా?" అంటాడు. తిన్నాను అంటాను.

శ్రీరామనవమికి కోవెల్లో పానకం పోస్తుంటే నేను దోసిలి పట్టను. షుగర్ ఉందేమో అనుకుంటారు, అనుకోనీ. మా అమ్మాయికి మాత్రం ఒకటి చెప్పి ఉంచాను. నా పదో రోజున కాకి వెంటనే వాలిందా, మా తాతయ్య చెప్పిందే నిజం, ఆత్మకు ఎవరూ లేరు, ఇంటికి వెళ్ళి స్నానాలు చెయ్యండి. రాకపోతే మాత్రం ఎవరూ మాటలివ్వకండి, మొక్కులు మొక్కకండి. మాడుగుల నుంచి వచ్చిన మీ మావయ్యను ముందుకు రమ్మనండి. ఏమని పిలవాలో వాడికి తెలుసు.