కారు కేబుల్, నా వీపు

మా ఆయన నన్ను చేత్తో కొట్టడం పెళ్లయిన కొత్తలోనే మొదలుపెట్టాడు. బ్యాటరీ కేబుల్‌తో కొట్టడం మాత్రం కారు వచ్చాకే.

అప్పటికి యానాంలో ఇంకా ఫ్రెంచివాళ్ల జెండానే ఎగురుతోంది. చుట్టుపక్కల ఊళ్లలో మద్యం నిషేధం, మా దగ్గర సారా దుకాణాలు బార్లా. సరిహద్దు దాకా నడిచొచ్చిన తాగుబోతులను ఎక్కించుకుని దుకాణాలకు తేవడం, ఒళ్లు తెలియని వాళ్లను మళ్లీ సరిహద్దులో దింపి రావడం అతని పని. కారు ఒక ఫ్రెంచి గుమాస్తా తన దేశం వెళ్లిపోతూ వదిలించుకున్నది. యుద్ధానికి ముందుది. దాన్ని ఎవరైనా తోలుకుపోతారని భయపడి రోజూ కేబుల్ విప్పి ఇంట్లోకి తెచ్చేవాడు. తలుపు పక్క మేకుకు తగిలించేవాడు. అలా అది ఎప్పుడూ అతని చేతికి అందే దూరంలో ఉండేది.

బొటనవేలంత లావు రాగి తీగల తాడది. చివర బ్యాటరీ మీద బిగించే సీసపు టెర్మినల్. తాడు తగిలితే వాత తేలేది. సీసం తగిలితే చర్మం చిట్లేది. కూర ఉప్పన అయినందుకు, నీళ్లు ఆలస్యమైనందుకు, ఎవడో తాగుబోతు కారులో వాంతి చేసుకున్నందుకు కూడా.

కొట్టగా కొట్టగా కేబుల్ లోపల తీగలు తెగాయి. టెర్మినల్ మెడ దగ్గర బీటలు వారింది. ఒక సాయంత్రం సారా దుకాణం ముందు, లోపల నిండా జనం కూర్చుని ఉండగా కారు చచ్చింది. ఎక్కినవాళ్లు వెక్కిరించారు. ఒకడు అతని చొక్కా పట్టుకు లాగి చెంప మీద కొట్టాడు. మా ఆయన ఆ కోపమంతా ఇంజను తిప్పడానికి కారు ముందు దూర్చే ఇనప హ్యాండిల్ మీద చూపించాడు. ఇంజను ఒక్కసారి దగ్గి, హ్యాండిల్ వెనక్కి తన్నింది. కుడి మణికట్టు ఎముక విరిగింది.

తువ్వాలు చుట్టుకున్న చేత్తో ఇంటికొచ్చి, ఎముకల వైద్యుడు రాకముందే నన్ను కాలితో తన్నాడు.

"నీ మూలాన్నే తెగిందే కేబులు," అన్నాడు.

వైద్యుడు వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. కాకినాడ నుంచి తెప్పించిన కొత్త కేబుల్ ఆ పాత కారుకు సన్నమైపోయింది. స్టార్టర్ నొక్కగానే పొగలు చిమ్మి తొడుగు కరిగిపోయింది. అప్పుడతను నా వైపు చూశాడు.

"మీ బాబు కళాయోడు కదా. నువ్వు సెయ్యి."

మా నాన్న ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు, చిల్లులు పడితే మాట్లు వేసేవాడు. తిత్తి ఊదింది నేనే కాబట్టి నాకు పని వచ్చు. ఫరంపేటలో మేం కాపురమున్న ఇంటి పెరట్లో కుంపటి పెట్టాను. పాడైన మోటారులోంచి ఊడదీసిన రాగి తీగలు అతనే ఎక్కడినుంచో తెచ్చి పడేశాడు. మాతోనే ఉండే మా అత్త, అతని తల్లి, వాటిని తొడ మీద వేసి వలతాడు పేనినట్టు పేనింది. పడవలకు పూసే తారులో గుడ్డపీలికలు ముంచి దానికి చుట్టాం. సీసం కోసం అత్త, చనిపోయిన మా మామయ్య పాత వల తీసుకొచ్చి, దాని అంచున బరువుకి కట్టిన సీసపు గుళ్లు కత్తితో కోసి నా ఒళ్లో పోసింది.

"ఇది కారుకా, నా వీపుకా అత్తా?" అన్నాను.

ఆమె చెయ్యి ఆపలేదు. "మీ మావ నన్ను తెడ్డుతో కొట్టేవోడు. ఆ తెడ్డు సెక్కింది మా నాన్నే," అంది.

తీగల కొసకు కళాయి అంటుకోవడానికి నవాసారం రాసి, కళాయి పట్టించి, ఎండబెట్టిన మట్టి అచ్చులో పెట్టి సీసం పోశాను. మొదటి టెర్మినల్ బాగా వచ్చింది. రెండో కొసకు అచ్చు కొత్తగా చేసి నీడలో పెట్టాను. ఇంకా పచ్చిగానే ఉంది.

అతను అప్పుడొచ్చాడు. "ఇంకా ఎంతసేపు? పోసెయ్యి."

"తడుందయ్యా. ఇప్పుడు పోస్తే పేలుతుంది. రేపటికి ఆరుద్ది."

"నాకు సెప్తావా?" అని నడుము మీద తన్నాడు. కరిగిన సీసం ఉన్న గరిటెతో ముందుకు తూలాను. సీసం దానంతటదే అచ్చులో పడింది. లోపలి తడి ఒక్కసారిగా ఆవిరై, అచ్చు టపాకాయలా పగిలింది. కరిగిన సీసం నా ఎడమపాదం మీద, చేతుల మీద చిందింది. అరవడానికి కూడా ఊపిరి అందలేదు. కాలిన చర్మం వాసన నాదేనని తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

అతని కాలి మీద కూడా ఒక చుక్క పడింది. అది చాలు అతనికి. మేం చేసిన కేబుల్‌ను ఎడమచేత్తో అందుకుని, సీసపు కొస కిందికి వేలాడేలా పైకెత్తాడు.

మా అత్త లేచిన సంగతి నేను చూడలేదు. ఆమె రెండు చేతులతో కొడుకు కట్టు కట్టిన మణికట్టు పట్టుకుని మెలిపెట్టింది. వెదురు బద్దలు పటపటమన్నాయి. అతను మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆమె వదల్లేదు. ఇంకా తిప్పింది.

"ఒరేయ్, నీకింకో సెయ్యుంది. అది కూడా ఇరగాలా?"

అతను "అమ్మా, అమ్మా" అంటూ ఏడ్చాడు. నాకు జాలి వేయలేదు. కుంపటి మీద సగం సీసం మిగిలి ఉంది. గరిటె నింపి అతని ముఖం ముందు పట్టుకున్నాను. పోసేదాన్నే.

"కేబులు కింద పెట్టు," అన్నాను.

పెట్టాడు.

"పిల్లా, గరిటె దించు. ఆడికి సాలు," అంది అత్త. కాసేపటికి దించాను.

ఆ రాత్రి నుంచి ఆమె అతన్ని ఇంటి గడప తొక్కనివ్వలేదు. కారులోనే పడుకునేవాడు. మళ్లీ అచ్చు చేసి, అది ఆరాక రెండో టెర్మినల్ పోసి, కుంటుకుంటూ వెళ్లి కేబుల్ నేనే బిగించాను. అతను ముందు సీటులో కూర్చుని నా చేతుల వైపే చూశాడు. స్టార్టర్ నొక్కితే ఇంజను వెంటనే అందుకుంది. ఎడమచేత్తోనే తోలుకుపోయాడు.

తర్వాత అతను దగ్గర్లోని మెట్టకూరులో వేరే ఆడమనిషితో కాపురం పెట్టాడు. ఆమెనూ కొట్టాడని విన్నాను. వంకరగా అతుక్కున్న చెయ్యి కాబట్టి దెబ్బలో మునుపటి బలం లేదని ఊళ్లో చెప్పుకుని నవ్వేవారు. నాకు నవ్వు రాలేదు. ఒకసారి ఆమె గుడిసె దాకా వెళ్లి, మా ఇంటికి వచ్చెయ్యమన్నాను. తలుపు వేసుకుంది.

నేను అత్తతోనే ఉండిపోయాను. వలలకు సీసపు గుళ్లు, లారీలకు టెర్మినళ్లు పోసి ఇద్దరం బతికాం. అతను కూడా అప్పుడప్పుడు టెర్మినల్ కోసం వచ్చి వీధిలోంచే పిలిచేవాడు. అత్త కత్తిపీట ముందేసుకుని గుమ్మంలో కూర్చునేది. నేను పోసి ఇచ్చేదాన్ని.