తడి చెయ్యి

మొన్న కార్ఖానా బస్తీలోని మా ఇంట్లో ఆవకాయ జాడీ మూత తీస్తే, ఆవపిండి ఘాటుకు నాయనమ్మ గుర్తొచ్చింది. ఏటా ఆవకాయ ఆమే కలిపేది. నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం, అంట్లు తోముతున్న అమ్మ ఆశగా లేచొచ్చి, "ఈసారి నేను కలుపుతా అత్తమ్మా," అంది.

"తడి చెయ్యి తాకితే బూజు పడ్తది. నీ చెయ్యి ఎన్నడన్న ఆరిందా?" అంది నాయనమ్మ.

అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటుండగానే, "చాయ్ ఏమాయె?" అని నాన్న కేకేశాడు. అమ్మ గ్లాసులు కడగడానికి వెళ్ళిపోయింది.

కొందరి చేతులు పుట్టుకతోనే తడిగా ఉంటాయేమో అనుకున్నాను.

చెయ్యీ గరిటే పొడిగా ఉండాలన్న నాయనమ్మ మాట నిజమే, నేనూ అదే పాటిస్తాను. అమ్మ మాత్రం ఒక్క ఏడైనా ఆవకాయ కలపకుండానే పోయింది. ఆమె చేతిలోని గిన్నె అందుకుని, "జెర చెయ్యి ఆరనియ్యి," అన్నవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు.