మామ ఆపిన సంతకం

మా మామ పోయారని పోయిన మంగళవారం పొద్దున చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. సెలవు మీద సత్యవేడు వచ్చి చేనికి నీళ్లు కడుతున్నాను. పార పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. మడి నిండి నీళ్లు గట్టు దాటిపోయాయి.

ఆయన మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. చిత్తూరు కోర్టులో వకీలు. ఎక్కువగా మామిడితోటల గట్టు తగాదాలు చూసేవారు. అత్త పెట్టిన ఇడ్లీ చల్లారిపోయినా సరే, చేతిలో కాగితం చివరిదాకా చదవందే ముట్టేవారు కాదు.

నేను సరుకుల ఓడలో వంటవాణ్ణి. ఒకసారి తుపానులో ఓడ ఊగి, కాగే నూనె చేతిమీద పడింది. ఓడ కంపెనీవాళ్లు దగ్గరి రేవులో వైద్యం చేయించి, విమానంలో ఇంటికి పంపారు. తీరా చూస్తే ఆసుపత్రి ఖర్చు, టిక్కెట్టు, అజాగ్రత్తకు జరిమానా అంటూ రావలసిన జీతంలో సగానికి పైగా కోసేశారు. మిగిలింది కావాలంటే ఇక బాకీ లేదని సంతకం పెట్టమని కంపెనీ చెన్నై ఏజెంటు కాగితం పంపాడు. అప్పటికి మా పాప నెల పిల్ల. పెట్టేద్దామనే అనుకున్నాను. మామకు ఒక మాట చెప్పాలని కట్టు కట్టిన చేత్తోనే బస్సెక్కాను.

ఆయన కాగితం రెండుసార్లు చదివారు.

"ఈ జరిమానా సంగతి యాడన్నా రాసి, నీకు సదివి ఇనిపించినారా?"

"లే మామా. ఈడికొచ్చినాకే తెలిసింది."

"అయితే సంతకం పెట్టొద్దు. నాకు ఓడల సట్టం తెలీదు. రెండు వారాలు టైమియ్యి, నేర్సుకుంటా."

అరవై దాటిన వయసులో పుస్తకాలు తెప్పించుకుని మరీ చదివారు. పనిలో గాయపడితే వైద్యం, ఇంటికి చేర్చే ఖర్చు యజమానివేనని, జరిమానా వేస్తే ఓడలో జరిగిందంతా రాసే ఓడ పుస్తకంలో ఎక్కించి మనిషికి చదివి వినిపించాలని నాకు విడమరిచి చెప్పారు. "మనిషి మాట ఇనకుండా వాని కూలి కొయ్యకూడదు అల్లుడూ. సేన్లో అయినా ఓడలో అయినా అంతే" అన్నారు.

మామ అర్జీ పెడితే, చెన్నైలో ఓడ పనివాళ్ల తగాదాలు చూసే సర్కారు ఆఫీసులో అధికారి ముందే ఏజెంటు నవ్వాడు. "ఓడల గురించి మీకేం తెలుసు సార్?"

"ఏమీ తెలీదు నాయనా. అందుకే ఓడ పుస్తకం సూపించమంటా ఉండా."

అధికారి దాన్ని తెప్పించారు. తుపానులో వంటవాడికి గాయం అని ఉంది. జరిమానా ఊసే లేదు. కోసిందంతా తిరిగి ఇవ్వాలని చెప్పారు, నెలలో వచ్చింది. ఫీజు ఎంతని అడిగితే, "కొత్త సట్టం నేర్పించినావు, నేనే నీకియ్యల్ల" అన్నారు.

అధికారి ఆ మాట చెప్పిన రోజు సాయంత్రం, చెన్నైలో బస్సుకు ఇంకా టైముంది. "సముద్రం సూసిపోదామా?" అని అడిగారు. నల్లకోటు నా భుజాన వేసి, ప్యాంటు పైకి మడిచి నీళ్లలోకి దిగారు. అల తాకగానే నా కాలని చేతిని గట్టిగా పట్టుకున్నారు. దూరంగా సరుకుల ఓడ ఒకటి ఆగి ఉంది.

"దాంట్లో వంటిల్లు యాడుంటాదిరా?"

చూపించాను. ఆయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, అలలు మోకాళ్లు తడుపుతున్నా కదలకుండా, చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డారు.