దానమిచ్చిన ఇంట్లో కుళాయి

పైడిరాజు నోరు ఊరుకోదు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఉన్న ముప్పయ్యారేళ్లూ పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, కారే కుళాయి ముందు నిలబడి, బాగుచెయ్యడానికి రాని వాళ్లని తిట్టిగానీ డ్యూటీకి వెళ్లేవాడు కాదు. రిటైరై రాజ్‌కిశోర్ నగర్‌లో సొంతిల్లు కట్టుకున్నాక తిట్టడానికి పెళ్లాం బుజ్జమ్మ ఒక్కతే మిగిలింది. కూరలో ఉప్పు, గచ్చు మీద తడి, ఆఖరికి ఆమె దగ్గు, అన్నిటికీ తిట్లే. నాలుగేళ్లు భరించి, "పిల్లా పీచూ లేనోళ్లం, మన తర్వాత ఇల్లేటవుతాది? ఆస్పత్రి ట్రస్టుకి రాసిచ్చీద్దాం. బతికున్నన్నాళ్లూ మనమే ఉంటాం, రిపేర్లు ఆళ్లే చూసుకుంటారు" అందామె. రాసిచ్చాడు. మర్నాటి నుంచి తిట్లన్నీ ఫోన్లో, హిందీలో, ట్రస్టు ఆఫీసుకే. ఇల్లు పుచ్చుకున్న పెద్దమనుషులకి కారే కుళాయి కనపడదా అని. బుజ్జమ్మ తీరిగ్గా టీ తాగేది.

నిన్న ట్రస్టు మనిషి వచ్చి కుళాయి, తలుపు గడియ, శ్లాబు అన్నీ బాగుచేసి, దణ్ణం పెట్టి వెళ్లాడు. ఈ పొద్దున్న పైడిరాజు తిట్టడానికేమీ దొరక్క ఇల్లంతా తిరిగాడు. చివరికి వంటింటి గుమ్మంలో ఆగి, "పప్పు మాడబెట్టీసావేటే?" అన్నాడు. పప్పు ఇంకా పొయ్యి మీదికే ఎక్కలేదు. బుజ్జమ్మ అతని పాత పనిముట్ల పెట్టెలోంచి పానా తీసుకుని, నిన్న ట్రస్టు మనిషి బిగించి వెళ్లిన పెరటి కుళాయి దగ్గరికి నడిచింది.