టార్చి నా చేతికిచ్చిన కఫీల్

మా మొదటి కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానిని, తలుచుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది. అక్కడ తుబ్లీ అనే ఊళ్ళో ఆయన వర్క్‌షాపులో నేను కొలతలు చూసే ఇంజనీరుని. ఆయనకు తండ్రి ఇచ్చిన పాత వేట తుపాకీ ఉండేది, లైసెన్సుతో సహా. దాని తూటాలు అప్పటికే దొరికేవి కావు. అందుకే వాడేసిన ఇత్తడి గుల్లల్లో తుపాకీమందు తూచి పోసి తనే తయారుచేసుకునేవాడు. గుల్ల పెద్దది, మందు కొంచెమే. పొరపాటున రెండుసార్లు పోసినా బయటికి పొర్లదు, కాలిస్తే మాత్రం తుపాకీ ముఖం మీదే పగులుతుంది.

గుండ్లు బిగించేముందు గుల్లలన్నీ వరసగా నిలబెట్టి, టార్చి వేసి ఒక్కొక్కదానిలోకి చూసేవాడు. తర్వాత టార్చి నాకిచ్చి హిందీలో అనేవాడు: "నా తప్పు నా కంటికి ఆనదు ఇంజనీర్, నువ్వు చూడు."

ఒక శుక్రవారం ఒకదానిలో మందు ఎత్తుగా కనిపించింది. కఫీల్‌కు తప్పు చూపించడమా? టార్చి అందులోకే పట్టుకుని నిలబడ్డాను.

"ఏంటి, నిద్రపోయావా?"

"బాబా, ఇందులో రెండుసార్లు పడింది."

ఆయన వంగి చూశాడు. మొహం పాలిపోయింది. "ఖలాస్, ఇక చాలు" అని అన్నిట్లోని మందూ ఒంపేశాడు.

మర్నాడు వర్క్‌షాపులో అందరినీ పిలిచాడు. "ఈ కుర్రాడు ఏ పని ఆపమన్నా ఆపండి. నేను చేస్తున్నదైనా సరే."