మంచు మీద మొక్కిన అమ్మాయిలు

2018 జూన్. కోరుట్లలోని ఒక మహిళా డిగ్రీ కళాశాలలో నేను ఫిజికల్ డైరెక్టర్‌ని. అంటే ఆటలు నేర్పే లెక్చరర్‌ని. పిల్లలకు పీడీ మేడంని. ఆ నెల జగిత్యాలలో చుట్టుపక్కల కళాశాలల పీడీలకు సమావేశం పెట్టారు. ఆటల సంఘం తరఫున వచ్చిన ఒక పెద్దమనిషి లేచి, ఆడపిల్లల ఐస్ హాకీ జట్టు పెట్టడానికి ఏ కాలేజీ ముందుకొస్తుందని అడిగాడు. హాలంతా నవ్వు. నా వెనక వరసలోని ఒకాయన, "మన దిక్కు ఐసంటే సోడా బండి కాడ తప్ప ఏడుంటది సార్? గాడనే ఆడుమంటరా?" అన్నాడు. నవ్వు ఇంకా పెద్దదైంది.

నేను చెయ్యెత్తాను. ఆట మీద ప్రేమతో కాదు, ఆ ఆట నేను అప్పటికి టీవీలో కూడా పూర్తిగా చూడలేదు. నలుగురు నవ్విన చోట తల దించుకుని కూర్చోవడం మా ఇంటివాళ్లకు అలవాటు లేదు, అంతే.

మా ఇల్లంటే చందుర్తి దగ్గరి ఒక ఊళ్లో గడి. దొరలున్న కోటలాంటి ఇంటిని మా వైపు గడి అంటారు. నాకు బుద్ధి తెలిసేసరికే భూములు పోయి మొండిగోడలు మిగిలాయి. నాన్న కోరుట్ల శివార్లో పెట్టిన రైసు మిల్లు కూడా నిలవలేదు. మెడలో విజిల్ వేసుకునే ఉద్యోగంలో చేరతానన్నప్పుడు మా మేనత్త నాతో చాలాకాలం మాట్లాడలేదు. నేను మాత్రం ఆ విజిల్‌ను తల వంచకుండానే వేసుకున్నాను. మిల్లు పోయినా, వడ్లు ఆరబోసే సిమెంటు గచ్చు ఒక్కటి మా పేరునే ఉండిపోయింది. మా జట్టు పుట్టింది ఆ గచ్చు మీదే.

మంచు లేని చోట మంచు హాకీ నేర్పడానికి ఒక దారి ఉంది. ఇన్‌లైన్ స్కేట్స్ అని బూటు కింద ఒకే వరసలో చక్రాలుంటాయి. వాటి మీద నిలదొక్కుకున్న పిల్ల, మంచు మీద ఇనుప అంచు స్కేట్స్‌కు త్వరగానే అలవాటు పడుతుంది. బంతి బదులు పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ల. మోకాళ్లకు కట్టుకునే ప్యాడ్లు కొనే స్తోమత పిల్లలకు లేదు. సిరిసిల్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒకమ్మాయి నాన్నకు మరమగ్గాలున్నాయి. ఆయన మగ్గాల కింద రాలిన నూలు పోగు చేసి, గట్టి గుడ్డలో కూరి కుట్టి పంపించాడు. కోరుట్ల చుట్టూ పసుపు పండిస్తారు. ఉడికించిన పసుపు కొమ్ములను రైతులు మా గచ్చు మీద ఆరబోసుకునేవారు. వాళ్లను కాదనడం నా వల్ల కాదు. వాళ్లు ఎత్తుకుపోయిన మర్నాడు ఆట మొదలుపెడితే, పడ్డవాళ్లు పడ్డట్టు పచ్చగా లేచేవారు.

ఆ జట్టులో అఖిల డిఫెన్స్ ఆడేది. అంటే పక్‌ను మన గోల్ దాకా రానివ్వకుండా అడ్డుపడే పని. పొడుగ్గా, గట్టిగా ఉండేది. వాళ్ల నాన్న గీతకార్మికుడు, తాళ్లెక్కి, అంటే తాటిచెట్లెక్కి, కల్లు గీస్తాడు. నాయనమ్మ రాజవ్వ, అఖిల మాటల్లో బాపమ్మ, బీడీలు చుడుతుంది. వాళ్లది మా గడి ఉన్న ఊరే.

మొదటి చలికాలం లడఖ్‌లో పోటీలకు వెళ్లాం. చలికి మేం తీసుకుపోయిన మామిడి తొక్కు పచ్చడి సీసాలోనే బిగుసుకుపోయింది. గడ్డకట్టిన చెరువు మీద నడుమెత్తు చెక్కల గోడ కట్టిన మైదానం, దాన్ని రింక్ అంటారు. మా పిల్లలు బాగానే తిరిగారు, బాగానే పరుగెత్తారు, ఆడిన ప్రతి ఆటా ఓడిపోయారు. ఒక్క గోల్ కూడా వేయలేకపోయారు. ఎందుకో నాకు అంతుబట్టలేదు. చివరి ఆట తర్వాత అవతలి జట్టు కెప్టెన్, ఎర్రటి బుగ్గల పిల్ల, నా దగ్గరికొచ్చి హిందీలో చాలా మర్యాదగా అడిగింది.

"మేడం, మీ అమ్మాయిలు మాటిమాటికీ మా కాళ్లు ఎందుకు పట్టుకుంటున్నారు?"

కొండలు దిగాక ఎక్కిన తిరుగు రైల్లో, ఫోన్‌లో తీసిన ఆటలన్నీ మళ్లీ చూశాను. అప్పుడు తెలిసింది. ఆడవాళ్ల ఐస్ హాకీలో కావాలని మీదపడి గుద్దకూడదు కానీ, పక్ కోసం పెనుగులాడేటప్పుడు స్కేటుకు స్కేటు తగలకుండా ఉండదు. తగిలినప్పుడల్లా మా పిల్ల టక్కున వంగి, అవతలి పిల్ల కాలిని గ్లవ్‌తో తాకి, ఆ చేతిని హెల్మెట్ జాలీకి అద్దుకుంటోంది. కళ్లకద్దుకోవడమన్న మాట. ఈలోపు పక్ వెళ్లిపోతోంది. రెండో రోజుకల్లా అవతలివాళ్లు ఈ సంగతి పసిగట్టారు. కావాలనే కాలు ముందుకు చాపి తగిలించుకుంటున్నారు. మావాళ్లు వంగడం, వాళ్లు ఎత్తుకుపోవడం.

ఎదురు బెర్తులో కూర్చున్న అఖిలకు చూపించాను. "ఇదేమిటి?"

"కాలు తాకింది గద మేడం."

"తాకితే?"

"మొక్కకపోతె పాపం గాదా?"

గచ్చు మీద తమలో తాము ఆడుకున్నంత కాలం నేనిది చూడలేదు. స్నేహితుల మధ్య కాలు తగిలినా పట్టింపు లేదు. పరాయి పిల్లల కాలు తగిలితేనే ఇంట్లో నేర్చింది బయటికొస్తోంది.

కోరుట్ల చేరాక ప్రిన్సిపల్ గారు పిలిచారు. మంచివారే. "మేడం, నేను వద్దంటలేను. మేనేజ్‌మెంట్ వాళ్లు అడుగుతున్నరు, గీ మంచు ఆట మనకెందుకు, ఖోఖో లేదా అని. వచ్చే యేడు ఒక్క మ్యాచన్న గెలువుండ్రి. లేకపోతె టీం బంద్ జేద్దాం" అన్నారు. ఇంకొకరైతే బతిమాలేవారేమో. నేను "సరే" అని లేచి వచ్చేశాను.

సంగతి పిల్లలకు చెప్పాను. అఖిల స్కేట్ లేసులు విప్పుతూ, తలెత్తకుండా, "టీం బందైతె మా బాపమ్మ నన్ను తీస్కపోతది మేడం. ఆట కోసమనే హాస్టల్ల ఉంచింది. ఇగ బీడీల చాట ముందట కూసునుడే" అంది. అప్పటిదాకా అది నా మాట నిలబెట్టుకునే పట్టుదల. ఆ క్షణం నుంచి ఆ పిల్ల చదువు కూడా నా మెడకు చుట్టుకుంది.

మొక్కొద్దని చెప్పాను. తలలూపారు. పక్క కాలేజీ పిల్లలను పిలిచి ఆడిస్తే మళ్లీ వంగారు. తిట్టాను, గచ్చు చుట్టూ పరుగెత్తించాను. మెదడు సరేనంటోంది, నడుము వినడం లేదు. చివరికి నేనే స్కేట్స్ కట్టుకుని గచ్చు మధ్యలో నిలబడ్డాను. యాభై దాటిన దాన్ని, నిలబడడమే గొప్ప. పక్‌ను నా పాదాల మధ్య పెట్టుకుని, "వచ్చి తీసుకోండి. కాలు తగలాలి. వంగినవాళ్లు ఇంటికే" అన్నాను. నా కాలికి కాలు తగిలించి వంగకుండా ఉంటే, ఇక ఎవరి దగ్గరా వంగరని నా లెక్క.

ఎవరూ కదల్లేదు. టీచర్‌ను కాలితో తాకడమా? అఖిల సంగతి మరీ కష్టం. దానికి నేను టీచర్‌నే కాదు, గడి మనిషిని కూడా. రెండుసార్లు దగ్గరికొచ్చి వెనక్కి తిరిగింది. మూడోసారి స్కేట్ నా స్కేట్‌కు తగిలింది, వెంటనే వంగింది.

సరిగ్గా అప్పుడే వేములవాడ మీదుగా బస్సులు మారి, మనవరాలికి సకినాలు పట్టుకుని రాజవ్వ వచ్చింది. గచ్చు అంచున నిలబడి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఓ పోరీ! దొరసానికి కాళ్లు తాకిస్తున్నవానే? మీ తాత ఆ గడి ముందటికెళ్లి పోతె చెప్పులు చేతుల వట్టుకొని నడిచిండు."

"నేనేం జేత్తనే బాపమ్మా, మేడమే తాకియ్యమంటుంది."

"ఆమె అంటది. నీకు సిగ్గుండద్దా?"

"రాజవ్వా, ఇది ఆట. నువ్వట్ల కూసో" అన్నాను.

"ఆటైతె కాళ్లు కాళ్లు కాకుంట పోతయా దొరసానీ?"

నిజం చెప్పాలంటే, దొరసాని అన్న పిలుపు నా చెవికి ఇంకా చేదు కాలేదు. అందుకే ఆమెను గట్టిగా కాదనలేకపోయాను.

ఆ ప్రశ్నకు జవాబు అఖిల చెప్పింది. నాయనమ్మ వైపు తిరిగి, హాకీ కర్ర మీద ఆనుకుని, "బాపమ్మా, మా బాపు తాడెక్కే ముందట ఏం జేత్తడు?" అంది.

"ఏం జేత్తడు, చెట్టుకు మొక్కుతడు."

"మరి మీదికి పొయ్యేదాక దాన్ని కాళ్లతోని తొక్కుకుంటనే పోతడు గద. అడుగడుగుకు మొక్కుతడా?"

"నడుమ మొక్కితె మోకు జారి కింద వడడా, పిచ్చిదానా." మోకంటే గీత కార్మికుడు నడుముకూ చెట్టుకూ చుట్టుకునే తాడు.

"గంతేనే. మేం గిట్ల ముందుగాలనే ఒక్కసారి మొక్కుతం. ఎక్కినంక మొక్కం."

రాజవ్వ సకినాల డబ్బా కింద పెట్టింది. "గది నడుస్తది. ముందుగాల దొరసానికి మొక్కు. ఎనుకనుంచి నీ ఇష్టం" అంది.

అఖిల నా పాదాలకు మొక్కి, గచ్చు చివరిదాకా వెనక్కి వెళ్లింది. తిరిగి వచ్చిన వేగం నాకింకా గుర్తే. నా స్కేట్‌ను తన్నుకుంటూ పక్ లాక్కుపోయింది. నేను వెల్లకిలా పసుపు దుమ్ములో పడ్డాను. పిల్లలు బిగుసుకుపోయారు. అఖిల ఆగింది, చూసింది, వంగలేదు. పక్‌ను గోల్‌లోకి కొట్టాకే నన్ను లేపడానికి వచ్చింది. రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటూ, "దొరసాని వీపంత పెండ్లిపిల్ల తీరుగ పచ్చగైంది" అంది. మా తాత బతికుంటే ఏమనేవారో ఆలోచించే తీరిక కూడా లేనంతగా నాకూ నవ్వొచ్చింది.

రెండో చలికాలం. మొదటి రెండు ఆటలు తక్కువ తేడాతో పోయాయి. మిగిలింది ఒక్కటే, అదీ ఆ ఎర్రబుగ్గల కెప్టెన్ జట్టుతో. ఆట మొదలయ్యే ముందు మా పిల్లలు వరసగా వెళ్లి అవతలివాళ్ల స్కేట్‌లను ఒక్కొక్కటే తాకి హెల్మెట్లకద్దుకున్నారు. వాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. భయపడ్డారనుకున్నారు.

చాలాసేపటికి చెరొక గోల్ అయింది. చివర్లో అఖిల పక్‌తో వస్తుంటే కెప్టెన్ పాత పద్ధతిలోనే కాలు ముందుకు చాపింది. స్కేటుకు స్కేటు తగిలిన చప్పుడు నాకు గోడ అవతలికి వినిపించింది. కెప్టెన్ ఆగి, వంగుతుందని ఎదురు చూసింది. అఖిల వంగలేదు. ఆ పిల్ల ఇంకా కాలు చాపుకునే ఉంది, మావాళ్లు గోల్ ముందు అరుస్తున్నారు.

గెలిచామని ఫోన్ చేస్తే ప్రిన్సిపల్ గారు, "మంచిది మేడం, ఇగ మేనేజ్‌మెంట్ వాళ్లతోని నేను మాట్లాడుత" అన్నారు. జట్టు ఉంది, ఇప్పటికీ ఉంది. అఖిల డిగ్రీ పూర్తి చేసింది. ఇప్పుడు సిరిసిల్లలో ఒక బడిలో ఆటల టీచరు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంటి అలవాట్లు గేటు బయట వదిలి రమ్మని పిల్లలకు చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. మీ ఇంట్లో ఈ పని ఎట్లా చేస్తారని ముందు అడుగుతాను. సగం కోచింగ్ అక్కడే దొరుకుతుంది.

మేం మళ్లీ వెళ్లిన చలికాలం మావాళ్లు మొక్కడానికి వెళ్లేసరికి, ఎర్రబుగ్గల పిల్లలు కూడా వంగారు. ఇరువైపులా ఒకేసారి వంగడంతో హెల్మెట్లు ఠకఠకమని కొట్టుకున్నాయి. అందరూ నవ్వారు. ఒకరు వంగుతుంటే ఇంకొకరు నిటారుగా నిలబడి చూడడమే నేను పుట్టిన ఇంట్లో చూశాను. ఇద్దరూ వంగితే ఎవరి గౌరవమూ తగ్గదని నాకు నేర్పింది నా జట్టే.